మా బామ్మర్ది ఈతకొలనుకు నేను వేసిన కంచె

మా కాంపౌండులో ఈత వచ్చిన ప్రాణులు కప్పలొక్కటే. అవి కూడా వానాకాలంలోనే, అదీ వాన పడిన ఏడాదే. అట్లాంటి చోట మా బామ్మర్ది ఈతకొలను కట్టించాడు.

కర్నూలు ఊరి చివర మా మామగారు కూతురికీ కొడుకుకీ పక్కపక్కన చెరొక స్థలం ఇచ్చి పోయారు. ఒకదాంట్లో మా ఇల్లు, ఇంకొకదాంట్లో బామ్మర్ది ఇల్లు. మధ్యలో గోడ లేదు. గోడ కట్టుకుందామని అనిపించిన రోజుల్లో మా ఇద్దరికీ మాటలుండేవి కావు. మాటలు కలిసినాక గోడ ఎందుకులే అనిపించేది. అట్లా ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

బామ్మర్ది బండల వ్యాపారి. బేతంచెర్ల నుంచీ కడప వైపు నుంచీ బండలు తెప్పించి, కోయించి, నునుపు పట్టించి అమ్ముతాడు. రోజూ బండలు కోయించేవాడికి కోతలు కోయడం వేరే నేర్పాల్సిన పని లేదు. "రాయలసీమలో నీళ్లు లేవని ఎవడన్నాడు బావా? చూపించేవాళ్లు లేరు, అంతే" అని కొలనుకు గుంత తీసేనాడు నాతో అన్నాడు. చూపించడమే అతని ఉద్దేశం. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై నాలుగడుగుల పొడవు, ఒక కొసన మూడడుగుల లోతు, ఇంకో కొసన ఐదున్నర. ఒడ్డు చుట్టూ అమ్ముడుపోని నల్ల కడప బండ పరిచాడు. వేసవిలో ఆ బండ పెనం మాదిరి కాలుతుంది. నీళ్ల దాకా పోవాలంటే గెంతుకుంటూ పోవాల్సిందే. చూసేవాళ్లు అది ఉత్సాహం అనుకుంటారు. అది అరికాళ్ల మంట.

అతనికి ఈత రాదు. అతని భార్యకు రాదు. నాకు రాదు. ఇరవై ఏళ్ల కిందట తుంగభద్రలో మోకాలి లోతున జారిపడి నన్ను నేనే రక్షించుకున్న ఘనత మాత్రం ఉంది. ఆదివారం ఆరాధన అయినాక చర్చి నుంచి చుట్టాలు వచ్చి, కొలనులో కాళ్లు పెట్టి, ఫోటోలు దిగి, పకోడీలు తిని పోతారు. ఆ కొలనులో నిజంగా ఈదినవి పకోడీ పొట్లాలే. మా బోరు ఆ కొలను నిండిన నెలలోనే ఎండిపోయింది. నేను దాన్ని కాకతాళీయం అంటాను. మా ఆవిడ మాత్రం బిందె చంకన పెట్టుకుని తమ్ముడి కొళాయి దగ్గరికి పోతుంది.

"సంఘానికి బాప్తిస్మాలకైనా పనికొస్తాది గదా బావా" అన్నాడొకసారి నా మొహం చూసి.

"ముంచే పని నీకు కొత్తా ఏమి?" అన్నాను.

"అయితే మొదలు నిన్నే ముంచుతా, రా" అని పెద్దగా నవ్వాడు. బావాబామ్మర్దుల మధ్య ఇట్లాంటి మాటలు చెల్లుతాయి. వాటి మీదే మా బంధుత్వం నడుస్తోంది.

ఇదంతా వేళాకోళంగానే సాగిపోయేది, మా మనవరాలు లేకపోతే. మా అమ్మాయి కర్నూల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడు తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు, సెలవు దొరికిన ఆదివారాలకు వస్తాడు. అమ్మాయి డ్యూటీకి పోయినప్పుడు మూడున్నరేళ్ల పాప మా దగ్గరే ఉంటుంది. మా ఇంట్లో ఉంటుందనడం కూడా తప్పే. రెండు ఇళ్ల మధ్య పరుగెత్తుతూ ఉంటుంది.

కొలనులో నీళ్లు నిండిన మొదటి రోజు అమ్మాయి పాపను దింపడానికి వచ్చి, ఒడ్డున నిలబడి, ఆ నీళ్లకేసి చూసింది.

"కంచె యాడ మామా?"

"కంచె ఎందుకు పాపా, అందం పోదా? మేమంతా ఈడే ఉంటాం గదా" అన్నాడు బామ్మర్ది మా అమ్మాయితో.

"అందరూ ఉన్నప్పుడే జరుగుతాయి" అంది అమ్మాయి. "ఆసుపత్రికి బిడ్డలను తెచ్చేవాళ్లంతా ఇదే మాట చెప్తారు, మేమంతా ఈడనే ఉండామమ్మా అని." తర్వాత నా వైపు తిరిగింది. "కంచె పడేదాకా నా బిడ్డ ఈ కాంపౌండులో అడుగు పెట్టదు నాయనా."

పాపను ఎత్తుకుని అట్లే వెనక్కి పోయింది. తోటి నర్సు ఇంట్లో వదిలి డ్యూటీకి పోతోందని తర్వాత తెలిసింది. మా ఇంట్లో చప్పుడు పోయింది. మూడో రోజు మా ఆవిడ నా ముందు టీ గ్లాసు పెట్టి, "ముప్ఫై ఏండ్లు పాలిటెక్నిక్‌లో గీతలు గీపించినావు గదా సార్, ఒక కంచె గీయలేవా?" అంది. మామూలుగా ఆమె నన్ను ఏమయ్యా అంటుంది. సార్ అందంటే కోపం వచ్చిందని లెక్క.

కంచె వేసేవాళ్ల కోసం ఊరంతా వాకబు చేశాం. పొలానికి వేసేవాళ్లున్నారు, అడవిపందులకు వేసేవాళ్లున్నారు. ఈతకొలనుకు వేసేవాళ్లు లేరు, ఎందుకంటే బుర్ర ఉన్నవాడెవడూ ఇక్కడ ఈతకొలను కట్టుకోలేదు. కాబట్టి మేమే వేసుకోవాలని తేలింది. నేను ఫోనులో వీడియోలు చూశాను. ఒక్కో వీడియోలో ఒక ఎర్రటి మనిషి చెమట పట్టకుండా, చొక్కా నలగకుండా, పాట పాడుకుంటూ పది నిమిషాల్లో కంచె వేసేస్తాడు. వాడి ఒడ్డు కింద మెత్తటి మట్టి. మా ఒడ్డు కింద బామ్మర్ది బండ. వాడి మీద నాకు అప్పుడే ఏహ్యభావం కలిగింది.

అయినా వాడు చెప్పిన నియమాలు గ్రాఫు కాగితం మీద రాసుకున్నాను. కంచె నాలుగడుగుల ఎత్తుండాలి. కింద నాలుగు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉండకూడదు. పిల్ల కాలి వేలు ఇరకని సన్నకళ్ల మెష్ కావాలి. గేటు నీళ్ల వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, స్ప్రింగుతో తనంతట తాను మూసుకోవాలి, గడియ పిల్లకు అందకూడదు.

బామ్మర్ది కాగితాన్ని తిప్పితిప్పి చూశాడు. "గేటు బయటికి తెరవడమేంది బావా? ఇంటికొచ్చినోళ్లను మొహాన కొట్టినట్లుంటాది. మన వాకిండ్లు లోపలికి తెరుస్తాం, రాండి అన్నట్లు."

"ఇది రావద్దు అనే గేటు."

"అట్లయితే గోడే కట్టిచ్చేదానికి ఏమి?"

"గోడ కడితే నీ నీళ్లు ఎవరికి కనపడతాయి?"

దానికి మాత్రం ఒప్పుకున్నాడు.

మెష్ కోసం పాతబస్తీలో ఇనుప సామాన్ల అంగడికి పోయాను. అంగడి భాయ్ మర్యాదగా కుర్చీ వేసి, "కోళ్లకా సార్, కుందేళ్లకా?" అన్నాడు.

"మనవరాలికి."

ఆయన కొంచెంసేపు నా మొహం చూసి, "అంత అల్లరా సార్?" అన్నాడు. విషయం చెప్పాక సన్నకళ్ల మెష్ చుట్ట తీసి, తన చిటికెన వేలు పెట్టి చూపించి, "ఇది తీస్కపోండి. ఎక్కడానికి పట్టు దొరకదు" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో తెలివిగా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. మాకు బంధువు కాకపోవడం వల్ల కావచ్చు.

పైపులు నిలబెట్టడానికి బండకు రంధ్రాలు వేయాలి. డ్రిల్లు నేనే పట్టాను. బామ్మర్ది కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని చూస్తూ కూర్చున్నాడు. మొదటి రంధ్రానికే బండ ఈ మూల నుంచి ఆ మూలకు టప్పుమని చీలింది.

"నీళ్లు పోస్తా వేయాల బావా, మెల్లగా" అన్నాడు అప్పుడు.

"ముందు చెప్పొచ్చు గదా!"

"నువ్వు సార్ గదా. నీకు నేను చెప్తే బాగుంటాదా?"

ఒక బండ పగిలినా పరవాలేదు, బావ మొహం చూడాలన్నది అతని కోరిక. తీరాక లేచి, పంచె ఎగ్గట్టి, డ్రిల్లు తీసుకున్నాడు. చెంబుతో నీళ్లు వదులుతూ, బండ మీద చెవి ఆనించినట్టు వంగి, ఒక్కో రంధ్రం గుండ్రంగా, అంచు రాలకుండా దింపాడు. మిగతా రంధ్రాలకు ఒక్క బండ కూడా పగల్లేదు. ఆ పూట అతని మీద నాకు నిజంగా గౌరవం కలిగింది. మధ్యాహ్నం భోజనం దగ్గర అతను మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టేసరికి తగ్గిపోయింది.

వారం పట్టింది. పైపులు నిలబెట్టి, సిమెంటు పోసి, మెష్‌ను గడ్డపారతో లాగి లాగి బిగించాం. చివరికి కంచె వీణ తీగ మాదిరి మోగింది. గేటును లాగి వదిలితే మెల్లగా వచ్చి టక్‌మని పడేది. అమ్మాయి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, అలసిన కళ్లతో గేటును నాలుగుసార్లు తెరిచి వదిలింది. మెష్‌ను పిడికిలితో కొట్టింది. కింద సందులో వేళ్లు పెట్టి చూసింది. "సరే నాయనా" అంది. మర్నాడు పాప వచ్చింది.

అక్కడితో ఆపి ఉంటే నేను మంచి పనివాణ్ని.

పని అయిపోయినాక రెండు పెద్ద బండలు మిగిలాయి. మా వైపు మనుషులకు మిగిలిన బండను చూస్తే చేతులు ఊరుకోవు. గోడ కనబడితే దాని పక్కన రెండు రాళ్లు పెట్టి, మీద ఒక బండ వేసి కూర్చుంటాం. కిరాణం ముందు కూర్చుంటాం, బస్సు ఆగేచోట కూర్చుంటాం, చర్చి గోడకు ఆనుకుని కూర్చుంటాం, సమాధుల తోటలో కూడా పోయినవాళ్ల పక్కన మనకొక బండ ఉంటుంది. కూర్చోను చోటు లేని కట్టడం మా లెక్కలో సగం కట్టినట్టే. అందుకని కంచె బయటివైపు, నీడ పడే చోట, అడుగున్నర ఎత్తున ఒక అరుగు వేశాను. ముసలి నడుములకు ఆనుకోను ఉంటుందని రెండో బండను దాని వెనక, కంచెకు తగిలేలా నిలువుగా పాతాను. అది ఇంకో అడుగున్నర. గట్టిగా ఉండాలని సిమెంటు కొంచెం ఎక్కువే కలిపాను.

కంచెను ఎవరూ మెచ్చుకోలేదు. అరుగును అందరూ మెచ్చుకున్నారు. "సార్ చేసిన పని అంటే ఇది" అన్నారు చుట్టాలు దాని మీద కూర్చుని. నేను ఉప్పొంగిపోయాను. బామ్మర్ది కూడా దాని మీద అరచేత్తో తట్టి, "బండ నాది, బుద్ధి నీది" అన్నాడు. బండబుద్ధి అని విడివిడిగా చెప్పాడని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయినాక పాస్టరు అయ్యగారు వచ్చారు. బాప్తిస్మాలకు కొలను పనికొస్తుందేమో చూద్దామని బామ్మర్దే పిలిచాడు. నేను ఆయనకు కొలను చూపించలేదు, గేటు చూపించాను. "చూడండి అయ్యగారూ, వదిలేస్తే చాలు. తనంతట తానే మూసుకుంటుంది." టక్. "మళ్లీ చూడండి." టక్. అయ్యగారు మెచ్చుకోలుగా తల ఊపారు. "గడియ ఎత్తు చూసినారా? పిల్లకు అందదు." టక్. ముగ్గురు పెద్దమనుషులం, ముగ్గురి వీపులూ అరుగు వైపే.

మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసింది. పాప అరుగు ఎక్కింది. అరుగు మీద నుంచి, ఆనుకోవడానికని నేను పాతిన బండ అంచు మీదికి ఎక్కింది. రెండంగుళాల మందం ఉన్న ఆ అంచు మీద నిలబడి, కంచె పై పైపును రెండు చేతులా పట్టుకుని, కుడి కాలు అవతలికి వేసింది. అవతల మూడడుగుల ఒడ్డు, తర్వాత ఐదున్నర అడుగుల లోతు.

మా ఆవిడ అరవలేదు. అరిస్తే పాప ఉలిక్కిపడి చేతులు వదిలేస్తుందని ఆమెకు తెలుసు. చెప్పులు వేసుకోకుండా ఆ కాలే బండల మీదుగా చప్పుడు లేకుండా నడిచివచ్చి, వెనక నుంచి పాప నడుము చుట్టూ చేతులు వేసి, దించి, భుజానికి ఎత్తుకుంది. "అవ్వా, ఇడువు, నేను దుంకుతా" అని పాప గింజుకుంటేనే మేము వెనక్కి తిరిగాం.

నా చేతిలో గేటు ఇంకా తెరిచే ఉంది.

"ఏమైందక్కా?" అన్నాడు బామ్మర్ది.

ఆమె పాస్టరు వైపు తిరిగింది. "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంది. "గేటుకు కాదు. వీళ్ల తలకాయలకు." లోపలికి పోయింది. ఆమె అరికాళ్లు బొబ్బలెక్కాయి. మూడు రోజులు మడమల మీద నడిచింది.

నాలుగడుగుల కంచెలో అరుగు అడుగున్నర తీసేసింది, ఆనుకునే బండ ఇంకో అడుగున్నర తీసేసింది. మిగిలింది అడుగు. ముప్ఫై ఏళ్లు పిల్లల డ్రాయింగుల్లో కొలతలు తప్పితే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టినవాణ్ని. ఈ తీసివేత నాకు చేతకాలేదు. అయ్యగారు వెళ్లినాక ఆ అరుగు మీదే కూర్చోబోయి, కూర్చోలేక నిలబడ్డాను. అంతదాకా లోకంలో నాకు చులకన కానివాడు లేడు. బామ్మర్ది నీళ్లంటే చులకన, వీడియోలో మనిషంటే చులకన, కాళ్లు తడుపుకునే చుట్టాలంటే చులకన. ఆ పూట అదంతా ఒకే మనిషి మీదికి మళ్లింది. అతను అప్పటికింకా నా ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు.

గడ్డపార తెచ్చి అరుగు పెకలించడం మొదలుపెట్టాను. సిమెంటు ఎక్కువ కలిపిన మహానుభావుణ్ని తిట్టుకుంటూ ఒక పూటంతా పొడిచాను. బామ్మర్ది కొంచెంసేపు చూసి, "ఇంత మంచి బండ బావా..." అన్నాడు. తర్వాత పోయి రెండో గడ్డపార తెచ్చాడు. ఆ రోజు మేమిద్దరం ఒక్క పరాచికం కూడా ఆడుకోలేదు. పెళ్లయినప్పటి నుంచీ అట్లా ఎప్పుడూ జరగలేదు.

"పాపకు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది మా ఆవిడ. మా అమ్మాయిని మేమింకా పాప అనే అంటాం.

"నేనే చెప్తా."

మరుసటి రోజు పొద్దున్నే, బండ ఇంకా కాలకముందు, డ్యూటీకి పోతూ అమ్మాయి వచ్చింది. అరుగు ఉన్న చోట మిగిలిన గుంతను చూపించి మొత్తం చెప్పాను. గేటు చూపిస్తూ వీపు తిప్పి నిలబడ్డ సంగతి కూడా దాచలేదు. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆమె చెప్పులు విప్పి, గేటు తీసి లోపలికి పోయి, నీళ్లకు వీపు పెట్టి, చేతులు చాపి నిలబడింది. పాపను బయట వదిలింది.

"ఎక్కు బంగారూ" అంది. "లోపలికి రా, చూద్దాం."

పాపకు అంతకంటే ఏం కావాలి? గేటును తోసింది, లాగింది, గడియ కోసం ఎగిరింది. అందలేదు. బామ్మర్ది చెప్పులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కింది. అందలేదు. మెష్‌లో కాలి బొటనవేలు పెట్టి చూసింది. పట్టలేదు. మాకు కొంచెం ధైర్యం వచ్చింది. అప్పుడు బామ్మర్ది వరండా కింద నుంచి ఖాళీ పెయింటు బకెట్టు ఈడ్చుకొచ్చి, బోర్లించి, ఎక్కింది. చేతులు పై పైపును అందుకున్నాయి.

"బకెట్లు" అంది అమ్మాయి లోపల నుంచి. అంతే అంది.

బామ్మర్ది బకెట్లన్నీ తీసుకుపోయి గదిలో పెట్టి తాళం వేశాడు. ఈలోగా పాప మూలకు పోయి, నీళ్లను శుభ్రం చేసే మోటారు డబ్బా మీదికి మోకాళ్లతో ఎగబాకింది. అది కంచెకు జానెడు దూరంలో ఉంది. మేమిద్దరం వారం రోజులు దాని పక్కనే పని చేశాం.

"మోటారు" అంది అమ్మాయి.

"దాన్ని జరపాలంటే పైపులన్నీ మార్చాల పాపా" అన్నాడు బామ్మర్ది. "నాలుగు రోజులు నీళ్లు పాచి పడతాయి. ఆదివారం చుట్టాలొస్తాండారు."

"పాచి పడనీ మామా."

పాపను తీసుకుని పోయింది. బామ్మర్ది మోటారును జరిపించాడు. కొలను పచ్చగా మారింది, కప్పలు వచ్చాయి, చుట్టాలు రాలేదు. రెండోసారి అమ్మాయి వచ్చినప్పుడు పాపకు నా స్కూటరు దొరికింది. నేనే కంచె పక్కన నీడలో నిలిపాను. ఏ ముఖంతో నిలిపానో నన్నడగొద్దు. అమ్మాయి స్కూటరు వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ పాపను తీసుకుని పోయింది.

ఆ తర్వాత నేను రోజూ పొద్దునా సాయంత్రం కంచె చుట్టూ తిరిగి, నాలుగడుగుల దూరంలో ఏముంటే అది లాగేయడం మొదలుపెట్టాను. కుర్చీలు, పూలకుండీలు, బామ్మర్ది తెచ్చిపెట్టే బండముక్కలు. ఎవరైనా వచ్చి, "కూర్చోను ఒక బండన్నా లేదేమి సార్, ఇంత కంచె వేసి?" అంటే, నిలబడి మాట్లాడండి అనేవాణ్ని. శానామంది నిలబడలేక వెళ్లిపోయారు. దానివల్ల ఇంట్లో ప్రశాంతత కూడా పెరిగింది.

మూడోసారి అమ్మాయి లోపలికి పోయి చేతులు చాపి నిలబడింది. పాప గేటు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగింది. వరండా కింద వెతికింది. మోటారు కోసం మూలకు పోయింది. అది లేదు. స్కూటరు లేదు. ఒక చోట కంచె పట్టుకుని ఎగిరింది, ఇంకో చోట తలతో తోసింది. మేము ముగ్గురం పరీక్ష హాల్లో ఉన్నట్టు నిలబడ్డాం. అరగంట అయినాక పాప నేల మీద కూలబడి గుక్క పట్టి ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే నాకు సంతోషం కలగడం అదే మొదటిసారి.

ఏడుపు ఆపి, గౌను అంచుతో ముక్కు తుడుచుకుని, లేచి నా దగ్గరికి వచ్చింది. కంచె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. నా బామ్మర్ది మీద నేను ఇన్నేళ్లూ చూపించిన చులకన ఆ చూపు ముందు ఎందుకూ చాలదు.

"ఇది బాగలేదు తాతా" అంది. "శానా పాడు కంచె."

అమ్మాయి గేటు తీసుకుని బయటికి వచ్చింది. వెనక గేటు టక్‌మంది. ఆమె చెప్పులు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని, పాపను మా ఆవిడకు అప్పగించి డ్యూటీకి పోయింది.